వార్ధక్యమున కాయకము

వేళకు అన్నము, వేళకు మందు, ఉతికిన బట్ట, గాలి వచ్చెడు గది అమర్చిన గృహస్థుడు తల్లిదండ్రుల ఋణము తీరినదని తలచును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమందలి బెజ్జమహాదేవి అట్లు తలపలేదు. సర్వమునకు స్వామియైన శివునకు తల్లి లేదు గదా యన్న లోటు ఆమె కంటబడినది. తానే తల్లియై నిలిచినది. అన్నియు నున్నవారికి ఏమి లేదో గుర్తించుటయే ఆమె భక్తి. నేటి వృద్ధులకు పెక్కు ఇండ్లలో లేనివి రెండు: చేయుటకు పని, వినుటకు మనిషి.

12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుని చెంత చేరిన శరణులలో మడివాళ మాచయ్య బట్టలు ఉతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. వారికి కాయకము కూలి కొరకైన పాటు గాదు, పూజ. ప్రభుత్వోద్యోగమునకు విరమణ వయస్సు కలదు గాని కాయకమునకు అట్టిది ఏ శరణుడును విధింపలేదు. అయినను ప్రేమచేతనే బిడ్డలు దానిని తల్లిదండ్రుల చేతినుండి లాగివేయుదురు. "నీకెందుకమ్మా ఈ శ్రమ, కూర్చుండుము" అని కోడలు కత్తిపీట తీసికొనును. "మీకు తెలియదులే నాయనా" అని కొడుకు పొలము లెక్కలు తీసికొనును. ఆరునెలలు గడచుసరికి ఆ పెద్దవారి నోట "ఇంక నేనెందుకు?" అన్న మాట వెలువడును. అది వైరాగ్యమని ఇంటివారు పొరబడుదురు.

బియ్యము ఏరుట, చింతపండు గింజ తీయుట, ఒత్తులు చేయుట, మనుమనికి అక్షరములు దిద్దించుట, ఏది చేయగలరో వారినే అడిగి అప్పగింపవలయును. అడుగుట ముఖ్యము. కొందరు నగరవాసులు తల్లిని పిలిపించుకొని జీతము లేని ఆయాగా నిలిపి, దానికే కాయకమని పేరు పెట్టుచున్నారు. ఇష్టము లేని చాకిరి పూజ యెట్లగును?

ఇంతకంటె సూక్ష్మమైన దుఃఖము ఒకటి కలదు. ఏబదియేండ్లు తప్పక లింగార్చన చేసిన పెద్దాయన ఒకనాడు మానివేయును. అడిగినవారికి బదులు చెప్పడు. బద్ధకమని కొడుకు, మతిమరుపని కోడలు అందురు. నిజమునకు ఆయన ఎడమచేయి వణకుచున్నది. కరపీఠమునుండి ఇష్టలింగము జారిపడునేమో యన్న భయము. ఆ భయమును చెప్పుకొనుటకు సిగ్గు. పూజ పోయిన పిదప స్నానము ఆలస్యమగును, భోజనము తగ్గును, గదితలుపు మూతబడును. ఇట్టివారి ప్రక్కన మనుమడు కూర్చుండి, తాత అరచేతిక్రింద తన అరచేయి పట్టిన చాలును. వణకునకు వైద్యుడు మందిచ్చును, అదియు వలయును. నులియ చందయ్య గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను కాయకము విడువలేదని ఒక గాథ కలదు. దానిని కాయకము గొప్ప చెప్పుటకే వాడుదురు గాని, లింగము జారినంతమాత్రమున భక్తి జారిపోదన్న ఓదార్పు కూడ అందున్నదని స్వాములు ఆ వృద్ధునికి చెప్పిన ఎంత బాగుండును!

భర్త లింగైక్యమైన వృద్ధురాలి సంగతి వేరు. కర్మాంతరము ముగియువరకు ఇల్లు నిండియుండును. పిదప ఎవరును రారు. ఆమె కంటనీరు పెట్టినచో, లింగైక్యమైనవారికై ఏడువరాదని ధర్మము బోధింతురు. ఆ వాక్యము సత్యమే. కాని దానిని ఆమె నోట గుడ్డగా కుక్కుట అధర్మము. చెప్పిన కథయే పదిమార్లు చెప్పనిండు. వినుటయు దాసోహమే.

పలకరింపుతో తీరని దుఃఖమును కలదు. రెండు వారములకు మించి దిగులు, నిద్రలేమి, అన్నద్వేషము, దేనియందును ఆసక్తి లేకుండుట ఉన్నచో అది వయస్సు గుణము కాకపోవచ్చును. కుంగుబాటను వ్యాధి కావచ్చును. అది వృద్ధులకును చికిత్సతో నయమగును. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, చెవుడు సైతము మనస్సును క్రుంగదీయును గనుక వైద్యుడు వానిని కూడ పరీక్షింపవలయును. చావు మాట పదేపదే వచ్చినచో నవ్వి త్రోసిపుచ్చరాదు. ఆనాడే వైద్యుని చూపవలయును, ఒంటరిగా విడువరాదు. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 సంఖ్యపై మానసిక సలహా ఉచితముగ లభించును. వృద్ధుల సహాయమునకు 14567 సంఖ్య కలదు. పోషింపని బిడ్డలనుండి భరణము ఇప్పించుటకు 2007 నాటి చట్టము కలదు గాని, పలకరింపును ఏ చట్టమును ఇప్పింపజాలదు.

మఠములు ఇందు చేయదగినది స్వల్పమేమియు గాదు. అనుభవగోష్ఠికి రాలేని వృద్ధులను బండిపై తీసికొనివచ్చు యువకులను నియమింపవచ్చును. చెవి మందగించినవారికి ముందు వరుసలో ఆసనము వేయవచ్చును. వారిచేత ఒక అనుభవము చెప్పించి, బాలురచేత వ్రాయింపవచ్చును. లింగైక్యవార్త విన్న పిదప వచ్చెడు జంగముడు, అంతకు పూర్వమే నెలకొకమారు ఆ గడప ఎక్కి, విభూతి ఇచ్చి, తొందరపడక కొంతసేపు కూర్చుండవలయును.