అరువు పేరు: విశ్వవిద్యాలయ వైఫై, నాన్‌బోర్డరు, నైతిక బాధ్యత

విశ్వవిద్యాలయ వసతిగృహంలో విద్యార్థి తన ఫోనును వైఫైకి అనుసంధానించుకోవాలంటే సంస్థ ఇచ్చిన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కావాలి. వాటిని ఇతరులకు ఇవ్వరాదన్నది సాధారణంగా అన్నిచోట్లా ఉన్న నియమం. వాటిని ఇతరులకు ఇవ్వడం సాధారణంగా అన్నిచోట్లా ఉన్న ఆచారం. ఈ ఎడం పైకి చిన్న విషయంగానే కనిపిస్తుంది. అయితే పాస్‌వర్డ్ ఇచ్చిన విద్యార్థి చేసినది దానమా, అపచారమా, స్నేహధర్మమా అని అడిగితే మన దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానాలు నిలవవు. ఆ సమాధానాలను పరీక్షించి, ఈ వ్యవహారంలో నిజానికి చేతులు మారుతున్నదేమిటో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిపాలన వైపు నుండి వినిపించే సమాధానం ఇది: సంస్థ సొత్తును అర్హత లేనివారికి కట్టబెట్టడం దొంగతనంతో సమానం. విద్యార్థుల వైపు నుండి వినిపించేది దీనికి పూర్తిగా ఎదురు. విద్య దొంగలకు చిక్కని ధనమనీ, ఇచ్చేకొద్దీ పెరిగేదే తప్ప తరిగేది కాదనీ భర్తృహరి నీతిశతకం ద్వారా, ఏనుగు లక్ష్మణకవి తెలుగుసేత ద్వారా మనం బడిలోనే నేర్చుకున్నాం. ఆ భావాన్నే విద్యార్థులు వైఫైకి అన్వయిస్తారు. గ్రంథాలయం గోడ దాటి ఒక పుస్తకం ఇంకొకరికి చేరితే ఎవరి సొమ్ము పోయిందని వారి ప్రశ్న.

ఈ అన్వయంలో ఒక పొరపాటు ఉంది. వైఫై విద్య కాదు, విద్య పారే కాలువ. వరండాలో గోడకు బిగించిన ఒక యాక్సెస్ పాయింటు ఒక ఛానల్‌పై పనిచేస్తున్నప్పుడు సాధారణంగా ఒక క్షణంలో ఒకే పరికరం మాట్లాడగలదు, తక్కినవి తమ వంతుకోసం ఆగాలి. పరికరాలు పెరిగేకొద్దీ వంతు ఆలస్యమవుతుంది. కాలువ చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు ఎప్పుడూ చాలకపోవడం డెల్టా గ్రామాలవారికి కొత్త సంగతి కాదు. వరండా చివరి గదిలోని విద్యార్థి పరిస్థితీ రాత్రి తొమ్మిది గంటలవేళ అంతే. కనుక వైఫై పంచుకుంటే తరుగుతుంది. తరిగేది ఎంత అన్నదే ప్రశ్న. ఒక అతిథి చదువుకోవడానికి దించుకునే వ్యాసం వల్ల ఆ వరండాకు కలిగే లోటు, అర్హుడైన విద్యార్థి ఒకరు క్రికెట్ మ్యాచ్ చూడడం వల్ల కలిగే లోటుకన్నా చాలా తక్కువ. పైగా చాలాచోట్ల ఒక ఐడీపై ఇన్ని పరికరాలే అన్న పరిమితి ఉంటుంది. అక్కడ పాస్‌వర్డ్ ఇచ్చినవారు తమ ల్యాప్‌టాప్‌కు దక్కవలసిన చోటును వదులుకుని మరీ ఇస్తున్నారు. దాన్ని దొంగతనం అనడానికి నాకు మనసొప్పదు. తరుగు మీద ఆధారపడిన వాదం ఏ పక్షాన్నీ గెలిపించదు.

అసలు చేతులు మారేది వేరొకటి. ప్రతి ఫోనుకూ వైఫైలో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. 48 బిట్ల ఆ సంఖ్యను మాక్ అడ్రసు అంటారు. ఒకప్పుడు కొన్ని వసతిగృహాలలో దరఖాస్తుపై ఆ సంఖ్యను రాసిస్తేనే ఫోను అనుసంధానమయ్యేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుండి సాధారణంగా ఫోన్లు తమ నిజమైన సంఖ్యను దాచి, ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో కల్పిత సంఖ్యను చూపుతున్నాయి. వినియోగదారుల జాడ ఇతరులకు తెలియకుండా ఉండేందుకు చేసిన మంచి మార్పే అది. దాని ఫలితంగా ఫోను మారువేషం వేసుకుంది, సంస్థ చేతిలో మిగిలిన నమ్మకమైన గుర్తు మనిషి పేరొక్కటే. ఏ ఐడీ ఏ గంటకు లోపలికి వచ్చింది, దానికి ఏ చిరునామా దక్కింది అన్నవి లాగ్‌లో నమోదవుతాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం సేవాసంస్థలూ, ప్రభుత్వ సంస్థలూ తమ కంప్యూటరు వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. కాబట్టి పాస్‌వర్డ్ ఇచ్చినవారు ఇచ్చింది ఇంటర్నెట్టు కన్నా ముందు తమ పేరు. తీసుకున్నవారు చదివినదంతా, చూసినదంతా, చేసినదంతా ఇచ్చినవారి ఖాతాలో పడుతుంది.

పేరుకు సంబంధించిన నీతిని మన సమాజం ఒక వ్యవహారంలో బాగా ఎరుగును. అది జామీను. అప్పు తీసుకునేవాడి పక్కన నిలబడి సంతకం పెట్టినవాడు డబ్బు ఇవ్వడు, పేరు ఇస్తాడు. అయితే జామీనుదారుకు ప్రామిసరీ నోటులో మొత్తం ఎంతో, వడ్డీ ఎంతో కనిపిస్తుంది. తన పేరుకు ఎంత భారం కడుతున్నాడో తెలిసే కడతాడు. పాస్‌వర్డ్ ఇవ్వడం తెల్లకాగితం మీద జామీను సంతకం. అక్కడ మొత్తం లేదు, గడువు లేదు, ఎదుటివాడు ఆ కాగితాన్ని మూడోవాడికి ఇవ్వకుండా ఆపే మార్గమూ లేదు. ఊళ్లో అలాంటి సంతకం పెట్టినవాణ్ని ఎవరూ దాత అనరు, అమాయకుడు అంటారు.

దాతృత్వం గురించి మన కావ్యసంప్రదాయం ఇచ్చే ఉదాహరణ కర్ణుడు. ఆంధ్రమహాభారతం అరణ్యపర్వంలో ఎఱ్ఱన పూరించిన భాగంలోని కుండలాహరణ ఘట్టం ఈ చర్చకు అనుకోనంత దగ్గరగా ఉంది. అడగవచ్చినవాడు ఇంద్రుడు, వచ్చినది బ్రాహ్మణ వేషంలో, అంటే అరువు గుర్తింపుతో. ఇచ్చినది ఒంటినుండి వేరుచేయరాని సహజ కవచకుండలాలు. ఈ ఘట్టాన్ని బోధించేటప్పుడు మనం కర్ణుని త్యాగం దగ్గరే ఆగిపోతాం. సూర్యుడు ముందుగానే హెచ్చరించాడన్న సంగతికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వం. కర్ణుడు మోసపోయి ఇవ్వలేదు. అడిగేదెవరో, ఎందుకో, ఇస్తే తనకేమవుతుందో తెలిసే ఇచ్చాడు. అందుకు ప్రతిగా శక్తిని కూడా అడిగి పుచ్చుకున్నాడు. ఆ ఎరుకే ఆ ఇవ్వడానికి నైతికమైన బరువునిచ్చింది. అర్ధరాత్రి పక్కగదివారికి వాట్సాప్‌లో పాస్‌వర్డ్ పంపేటప్పుడు మనలో లోపించేది ఆ ఎరుకే.

చట్టం కూడా ఉద్దేశాన్నే కొలతగా పెట్టుకున్నది. సమాచార సాంకేతిక చట్టంలోని 66సి విభాగం ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా గానీ, కపటబుద్ధితో గానీ వాడినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటుంది. స్నేహితుడు తెలిసి ఇచ్చిన పాస్‌వర్డుతో వ్యాసం చదువుకున్నవారిని ఆ మాటల కిందికి తీసుకురావడం తేలిక కాదు. సంస్థ నియమం ఉద్దేశాన్ని పట్టించుకోదు. దాని దృష్టిలో నేరస్థుడూ నాన్‌బోర్డరూ ఒక్కటే.

నాన్‌బోర్డరు అన్న మాటకు ఈ పత్రిక పాఠకులకు అర్థం చెప్పనక్కరలేదు. ఉస్మానియా వసతిగృహాల జీవితంతో పరిచయమున్నవారికి అది ఇంటిమాట. పేరున గది కేటాయింపు లేకుండా మిత్రుల గదిలో ఉంటూ, మెస్సులో ఒకే కంచంలో సర్దుకుంటూ, ఉద్యోగ ప్రకటన కోసమో సిద్ధాంతగ్రంథం ముగింపు కోసమో ఎదురుచూసేవారు వాళ్లు. వారిని బయటికి పంపకపోవడం వసతిగృహ నీతిలో పరువుకు సంబంధించిన విషయం. పరిపాలన దీన్ని క్రమశిక్షణా లోపంగా చూడడం నిజమే. కానీ చాలామంది మొదటితరం విద్యార్థులు పట్టా దాకా, ఉద్యోగం దాకా నిలవగలిగింది ఈ సర్దుబాటు మీదే అని నేను భావిస్తాను.

పరిశోధక విద్యార్థి నాన్‌బోర్డరుగా మారే కాలం కూడా నిబంధనలలోనే ఉంది. జె.ఆర్.ఎఫ్. మొత్తం కాలం ఐదేళ్లు. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. గరిష్ఠ గడువు ఆరేళ్లు, పునర్నమోదుతో ఎనిమిదేళ్లు, మహిళలకూ దివ్యాంగులకూ ఇంకో రెండేళ్లు. ఫెలోషిప్పు ఆగిన తరువాత, సిద్ధాంతగ్రంథం ముగియకముందు ఒక ఎడారి ఉంటుంది. చాలాచోట్ల గది ఆ ఎడారి మొదట్లోనే పోతుంది, గదితోపాటు ఐడీ కూడా పోవడం కద్దు. నాకు తెలిసిన ఒక పరిశోధకురాలు ఆ దశలో గ్రంథాలయం మెట్లమీద, సిగ్నలు అందే చోట కూర్చుని, జూనియరు ఐడీతో ఫోనులో పాత ‘భారతి’ సంచికలు చదివేవారు. మొబైల్ డేటా చవకే కదా అని ఎవరైనా అనవచ్చు. తెలుగు సాహిత్య పరిశోధకులకు ఆ మాట పూర్తిగా వర్తించదు. పాత తెలుగు పత్రికలు మనకు ఎక్కువగా పుటల ఛాయాచిత్రాలుగానే దొరుకుతాయి. ఒక్క సంచిక వందల మెగాబైట్లు ఉండవచ్చు. మాట టైపుచేసి వెదికే వీలు చాలావాటికి లేదు కనుక ఒక్క వ్యాసం కోసం నాలుగు సంచికలు దించుకోవాలి. ఇక సంస్థ చందా కట్టిన పత్రికలు ఆ సంస్థ నెట్‌వర్కులోనో, ఆ సంస్థ ఐడీతోనో తప్ప తెరుచుకోవు.

ఆమె చదివినదంతా లాగ్‌లో జూనియరు పేరున ఉంది. దీన్ని నేను రెండవ అపచారంగా భావిస్తాను. పేరు ఇచ్చినవారికి కలిగే ప్రమాదం గురించి నియమాలు మాట్లాడతాయి. పేరు పుచ్చుకున్నవారికి కలిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. కంచంలో అన్నం పంచుకున్నప్పుడు ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారో ఎక్కడా రాయరు. నెట్‌వర్కు రాస్తుంది, అదీ తప్పుగా రాస్తుంది. గ్రంథాలయం తన పాఠకుల లెక్క తీసినప్పుడు ఆ పరిశోధకురాలు ఉండరు. ఆమె వంటివారు ఎందరున్నారో సంస్థకు ఎప్పటికీ తెలియదు, తెలియదు కనుక వారికోసం ఏర్పాటు చేయవలసిన అవసరమూ కనిపించదు. మన సిద్ధాంతగ్రంథాల కృతజ్ఞతల పుటలలో గది ఇచ్చినవారికీ, పుస్తకం ఇచ్చినవారికీ, ప్రూఫులు దిద్దినవారికీ నమస్సులుంటాయి. పాస్‌వర్డ్ ఇచ్చినవారి ప్రస్తావన నేను చూసినంతలో లేదు.

సంస్థ బాధ్యత విషయంలో 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫహీమా షిరిన్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. కోళిక్కోడ్ జిల్లాలోని ఒక కళాశాల బాలికల వసతిగృహంలో సాయంత్రం 6 నుండి 10 గంటల వరకు ఫోను వాడరాదన్న నియమాన్ని ఆమె సవాలు చేశారు. ఇంటర్నెట్టును అందుకునే హక్కు విద్యాహక్కులోనూ, గోప్యతా హక్కులోనూ భాగమని న్యాయస్థానం చెప్పింది. ఇది గది ఉన్న విద్యార్థినికి దక్కిన న్యాయం. గది లేనివారి మాట అక్కడ రాలేదు.

అతిథి తన సొంత పేరుతో రాగలిగే ఏర్పాటు సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. ఐరోపాలో ఈ శతాబ్దం తొలి సంవత్సరాలలో మొదలై, మన దేశంలో ఎర్నెట్ నిర్వహణలో ఉన్న ఎడ్యురోమ్ అందుకు నిదర్శనం. ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి ఈ ఏర్పాటున్న మరో విశ్వవిద్యాలయానికి వెళ్తే ఫోను తనంతట తానే అనుసంధానమవుతుంది. ఆతిథ్యమిచ్చే సంస్థ అడిగితే సొంత సంస్థ ‘ఈమె మా మనిషే’ అని బదులు చెబుతుంది. పాస్‌వర్డ్ ఆతిథ్యసంస్థ కంటపడవలసిన పనిలేదు. ఇది గడువూ హద్దూ తెలిసిన జామీను. అయితే దీనికి వెనుక ఒక సంస్థ ఉండాలి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం తలుపు కూడా సంస్థ ఐడీ ఉన్నవారికే తెరుచుకుంటుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం స్థాపించినవారు పాఠకుణ్ని ఏ సంస్థ మనిషివని అడిగి ఉంటే తెలుగునాట గ్రంథాలయోద్యమం అన్న మాటే పుట్టేది కాదు.

అంతవరకు పేరున్నవారు ఏంచేయాలి? నా అభిప్రాయంలో పాస్‌వర్డ్ రాసిచ్చి వెళ్లడానికీ, పక్కన కూర్చుని తన హాట్‌స్పాటు తెరవడానికీ భేదం ఉంది. రెండింటిలోనూ ఇచ్చినవారి పేరే నమోదవుతుంది. కానీ రెండవదానిలో ఇచ్చినవారు అక్కడ ఉంటారు, ఎవరికి ఎంతసేపు ఎందుకు ఇస్తున్నారో వారికి తెలుసు, ఆపడం వారి చేతిలోనే ఉంటుంది. కర్ణునికి ఉన్న ఎరుకలో కొంత భాగమైనా అక్కడ ఉంటుంది. వ్యక్తి స్థాయిలో నేను సమర్థించగలిగేది అంతవరకే. దానితో అడిగినవారి అవసరం తీరకపోవచ్చునన్నదీ నిజమే. నాలుగు సంచికలు దించడానికి ఎవరూ పక్కన అంతసేపు కూర్చోలేరు.

మన శాఖలలో జాతీయ సదస్సు జరిగినప్పుడు పత్రసమర్పకులకు రెండురోజుల అతిథి ఐడీ ఇస్తారు. వారి పేరు, ఫోను నంబరు రాసుకుని, శాఖాధిపతి సంతకంతో కంప్యూటరు కేంద్రానికి పంపితే గంటలో పని అయిపోతుంది. అదే శాఖలో రెండు అధ్యాయాలు మిగిలిన పూర్వ ఫెలోషిప్ విద్యార్థికి అదే కాగితం, అదే సంతకం, ఆరునెలల గడువుతో ఎందుకు కుదరదో నేను ఇద్దరు ముగ్గురు ఉద్యోగులను అడిగాను. కుదరదని ఎవరూ చెప్పలేదు. అలా ఎవరూ అడగలేదన్నారు.