నానమ్మ పాట ఉన్న డిస్క్: మోహమా, రుణమా?



వైరాగ్యం మీద మనం చేసిన వీడియో చూసి ఒక తమ్ముడు ఇలా అడిగాడు. సొంతూరు ములుగు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఊళ్లో ఇంట్లో ఒక నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్స్ పెట్టాడు. అందులో రెండు హార్డ్ డిస్కులు. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ, వీడియోలూ దాంట్లోకే పోతాయి. ఇప్పుడు లేని నానమ్మ మేడారం జాతరకు పోతూ దారిలో పాడిన పాటలు కూడా అక్కడే ఉన్నాయి. ఒక డిస్క్ పోయింది. రెండోది టక్ టక్ అంటోంది. రికవరీ చేసేవాళ్లు వేలల్లో అడుగుతున్నారు. "అన్నా, పోయేది పోనీ అనుకోవడమే కదా వైరాగ్యం? ఇంత ఖర్చు పెట్టి పట్టుకోవాలనుకోవడం మోహమేనా?"

ముందు అర్జెంట్ విషయం. ఆ బాక్స్ ఆపేయండి. చప్పుడు చేసే డిస్క్ తిరిగే ప్రతి నిమిషం లోపల ఇంకొంత గీసుకుపోవచ్చు. "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అనిపిస్తుంది చూడండి, చాలామంది దగ్గర డేటా పోయేది అక్కడే. కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్ కొట్టొద్దు. రీబిల్డ్ అంటే మిగిలిన ఆ ఒక్క డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదివించడం. అలసిపోయినవాణ్ణి పరిగెత్తించినట్టే. డిస్క్ తీసి విండోస్ కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ చేయమంటావా అని అడగొచ్చు. వద్దనండి. చప్పుడు లేకుండా అక్కడక్కడా మాత్రమే చదవలేకపోతున్న డిస్క్ అయితే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. తేలిగ్గా వచ్చే భాగాలను ముందు కాపీ చేసుకుని, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది. ఆ తర్వాత పనంతా కాపీ మీదే, అసలు డిస్క్‌ని ముట్టుకోరు. టక్ టక్ అంటున్నదాన్ని మాత్రం ఇంట్లో కదిలించకుండా ల్యాబ్‌కే ఇవ్వాలి.

ఇక ప్రశ్నకు వద్దాం. మోహమూ శ్రద్ధా బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండూ "అది నాకు కావాలి" అనే అంటాయి. తేడా చేతల్లో తెలుస్తుంది. మోహానికి ఇప్పుడే చూడాలి, అందుకే మళ్లీ మళ్లీ స్విచ్ వేస్తుంది. శ్రద్ధ స్విచ్ ఆపి కూర్చోగలదు.

ములుగు వాళ్లకు ఈ ఓపిక కొత్త కాదు. పాలంపేట రామప్ప గుడి అందరికీ తెలుసు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అదే ఆవరణలో కామేశ్వరాలయం ఉంది. అది బాగా దెబ్బతింటే పురావస్తు శాఖ వాళ్లు రాళ్లు విప్పి, నంబర్లు వేసి, తిరిగి నిలబెట్టే పని పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి ఆ రాళ్లు నేల మీదే ఉన్నాయి. ఏ రాయి ఎక్కడిదో రాసుకోకుండా తొందరపడి ఉంటే, రాళ్లన్నీ మిగిలినా గుడి మిగిలేది కాదు.

మరి వైరాగ్యం మాటేమిటి? గీత చివరి అధ్యాయంలో అర్జునుడు కృష్ణుడితో తన మోహం పోయిందని, స్మృతి తిరిగి దక్కిందని చెప్తాడు. రెండూ ఒకే శ్లోకంలో, పక్కపక్కనే. ఆ స్మృతి ఫోటోల జ్ఞాపకం కాదు, తానెవరో తనకు తెలియడం. అయినా మనకు అందులో ఒక మాట ఉంది. మోహం వదలాలంటే గుర్తుంచుకోవడం మానేయాలని గీత ఎక్కడా అనలేదు. మన పెద్దలు పితృ రుణం అన్నారు. వాళ్లు మనకిచ్చినదాన్ని ముందు తరానికి అందించడం కూడా ఆ రుణం తీర్చుకోవడమే.

కాబట్టి తమ్ముడూ, ఒక్కో ఫోల్డర్‌కీ ఈ ప్రశ్న వేసి చూడు: "ఇది దొరికితే ఎవరికిస్తాను?" నానమ్మ పాట దొరికితే మేనత్తకిస్తావు, చెల్లెలి పిల్లలకు వినిపిస్తావు. అది రుణం. ఒకే చోట తీసిన నలభై సెల్ఫీలు ఎవరికీ ఇవ్వవు, నువ్వూ చూడవు. వాటి కోసం గుండె కొట్టుకుంటే అది మోహం. ఖర్చుకూ ఇదే కొలత. చేతిలో ఉన్న డబ్బుతో చేయించు. కానీ పోయిన నానమ్మ గొంతు కోసం అప్పు చేసి, ఉన్న అమ్మ మందులకు వెనకాడితే అది ధర్మం కాదు.

అంతా చేసినా పూర్తిగా రాకపోవచ్చు. పేరిణి తాండవాన్ని తలుచుకోండి. ఆ నాట్యం ఆడేవాళ్లు లేకుండా పోయాక, నటరాజ రామకృష్ణ గారు రామప్ప శిల్పాలనూ, జాయప సేనాని నృత్త రత్నావళినీ ఆధారం చేసుకుని మళ్లీ నిలబెట్టారు. రాతిలో భంగిమ ఉంటుంది, ఒక భంగిమకూ ఇంకో భంగిమకూ మధ్య కదలిక ఉండదు. ఆ ఖాళీని ఆయన సాధనతో పూరించి, శిష్యులకు నేర్పారు. ఇవాళ పేరిణి బతికి ఉందంటే ఆ నేర్పడం వల్లే.

డిస్క్ నుంచి ఏమీ రాలేదనుకుందాం. అప్పుడు కూడా నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. ఆ పాట నానమ్మ ఒక్కతే పాడి ఉండదు. ఆమెతో పాటు జాతరకు పోయిన అమ్మలక్కలు ఉంటారు, వెళ్లి అడుగు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహాల్లేవు. రెండేళ్లకోసారి మాఘమాసంలో కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెలకు తీసుకొస్తారు. జాతర అయ్యాక తల్లులు వనప్రవేశం చేస్తారు. కోయ డోలి కళాకారులు వాళ్ల కథను నోటితోనే పాడుతూ వచ్చారు. దాచిపెట్టినందుకు కాదు, మళ్లీ మళ్లీ పిలిచినందుకే ఆ కథ మనదాకా వచ్చింది.

మిగతా అందరికీ ఒక మాట. రెండు డిస్కులున్న బాక్స్ బ్యాకప్ కాదు. ఒకదాంట్లో పొరపాటున డిలీట్ చేస్తే రెండోదాంట్లోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ కలిసే పోవచ్చు. మూడు కాపీలు ఉంచుకోండి, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో. పండక్కి ఇంటికి పోయినప్పుడు ఆ కాపీలోంచి ఒక పాట తీసి, పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించండి. ఫైల్ తెరుచుకుంటుందో లేదో తెలుస్తుంది. పిల్లల్లో ఒకరికి పల్లవి వచ్చేసిందంటే, ఇక ఆ కాపీని ఏ పిడుగూ ఏమీ చేయలేదు.

సమ్మక్క సారలమ్మల చల్లని చూపు మీ ఇంటి మీద ఉండాలి. హర హర మహాదేవ.