పిల్లల అడుగులతో ప్రయాణం

తాలిపేరు నది ఒడ్డున ఉన్న బాసగూడ నుంచి పిల్లలతో బస్తర్‌లోని జగదల్‌పూర్ చూడబోయే అమ్మానాన్నలకు ఒక మాట. దంతేశ్వరి గుడి, దళపత్ సాగర్, చిత్రకోట్ జలపాతం అన్నీ ఒక్క పూటలో చుట్టేయాలనుకోకండి. చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి నది దాదాపు 95 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటే పసివాళ్లు కళ్లార్పకుండా చూస్తారు. వాళ్ల తనివి తీరేదాకా ఆగండి. ఆకలి ముదరకముందే తినిపించండి. అలవాటైన అన్నంతోపాటు అక్కడి బియ్యప్పిండి చీలా అట్టు, ఎర్రచీమల చట్నీ కొంచెం రుచి చూపండి. పొరుగువారి వంటను ఇష్టంగా తిన్న బిడ్డ పొరుగువారినీ గౌరవించడం నేర్చుకుంటుంది. ఇటలీలోని రోమ్‌కు వెళ్లినా, మన బస్తర్‌లో తిరిగినా చూసిన చోట్ల లెక్క ముఖ్యం కాదు. పిల్లలతో కలిసి ఆనందించడమే ముఖ్యం.