పతకం చూసి కాదు, సత్యం చూసి మాట్లాడదాం



మంచి మాటకు బుద్ధుడు ఐదు గుర్తులు చెప్పాడు. సమయానికి రావాలి, నిజమై ఉండాలి, మృదువుగా ఉండాలి, మేలు చేయాలి, మైత్రీ చిత్తంతో పలకాలి. పత్రికలకూ టీవీలకూ కూడా ఇదే కొలత. మాజీ సైనికుడి మీద హత్యారోపణ వచ్చినప్పుడు ఈ కొలత మరీ అవసరం. అప్పుడు రెండు అబద్ధాలు పుడతాయి. "వీరుడు తప్పు చేయడు" అనేది ఒకటి. "సైన్యంలో పనిచేసినవాళ్లంతా ఇంతే" అనేది రెండోది.

ఆస్ట్రేలియా సంగతి చూడండి. బెన్ రాబర్ట్స్ స్మిత్ ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంలో పోరాడి 2011లో విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఆయన చిత్రపటాన్ని కాన్‌బెర్రా యుద్ధ స్మారక మందిరంలో పెట్టారు. నిరాయుధుల హత్యల్లో ఆయన చేయి ఉందని 2018లో కొన్ని పత్రికలు రాశాయి. ఆయన కాదన్నాడు, పరువునష్టం దావా వేశాడు. పలుకుబడి ఉన్న పెద్దలు ఆయన వెనక నిలిచారు. కానీ కోర్టులో ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్లలో ఆయనతో కలిసి పోరాడిన సైనికులున్నారు. దర్వాన్ పల్లెవాళ్లు తమ మనిషి చావు గురించి కాబూల్ నుంచి వీడియోలో చెప్పారు. ఆ హత్యారోపణల్లో ముఖ్యమైనవి నిజమేనని 2023 జూన్‌లో జడ్జి తేల్చారు. 2025లో అప్పీలు కూడా కొట్టేశారు. అయితే అది సివిల్ దావా. క్రిమినల్ కేసులో నేరం రుజువు కావాలంటే ఇంతకంటే గట్టి సాక్ష్యం కావాలి. ఆ తేడా చెప్పని వార్త సగం నిజమే.

ఇంకో మాట. ఆ నిజం బయటికి రావడానికి సాటి సైనికులే తోడ్పడ్డారు కదా! మరి కొందరి నేరాన్ని సైనికులందరికీ అంటగట్టడం న్యాయమేనా? అదే దేశంలో సైనికుల, మాజీ సైనికుల ఆత్మహత్యలపై రాయల్ కమిషన్ వేయాల్సి వచ్చింది. 2024లో అది తుది నివేదిక ఇచ్చింది. ఇప్పటికే కుమిలిపోతున్నవాళ్ల మీద మన నోటి మాట ఇంకో బరువు కాకూడదు.

అంగుళిమాలుడి కథ గుర్తు చేసుకోండి. అతన్ని పట్టుకోవడానికి ప్రసేనజిత్తు రాజు ఐదువందల మంది రౌతులతో వచ్చాడు. అప్పటికే భిక్షువైన అతన్ని బుద్ధుడు దాచలేదు, చేయెత్తి చూపించాడు. భిక్షకు వెళ్లినప్పుడు జనం దెబ్బలకు అతని తల పగిలితే, చేసిన కర్మకు ఫలం ఓర్చుకోమన్నాడు. మారాడు కదా అని గతాన్ని చెరిపేయలేదు. చంపాడు కదా అని ధమ్మ మార్గం మూసేయలేదు.

మన టీవీల్లో "మాజీ జవాను ఘాతుకం" అని అరిచినప్పుడు కాస్త ఆగండి. రుజువైందా, ఆరోపణేనా? చనిపోయిన మనిషి గురించి ఒక్క ముక్కైనా చెప్పారా? ఈ వార్త ఎవరికి మేలు? ఈ మూడూ అడిగాకే ఆ వీడియో ఇంకొకరికి పంపండి. సమ్యక్ వాక్కు ఇవాళ మన సెల్‌ఫోన్ దగ్గరే మొదలవ్వాలి.

హతుల కుటుంబాలకు న్యాయం జరగాలి. నేరం చేసినవాళ్లకు కనువిప్పు కలగాలి. అందరూ ద్వేషం నుంచి విముక్తులు కావాలి.

జై భీమ్!