లెక్క తప్పిన ఇద్దరు

1994 వేసవి సెలవుల్లో మా చర్చి యూత్ వాళ్ళం సూర్యలంక వెళ్ళాం. అద్దెకు మాట్లాడిన మినీ బస్సు, పదహారుమంది అబ్బాయిలు, తొమ్మిదిమంది అమ్మాయిలు, రెండు డేగిశాల పులిహోర, ఒక కంజిర. ఆడపిల్లల బాధ్యత నాది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. సాయంత్రం బయల్దేరేటప్పుడు యూత్ లీడరు "ఏమ్మా, ఆడపిల్లలందరూ ఎక్కారా?" అని అడిగాడు. వెనక్కి తిరిగి చూశాను. పాట నడుస్తోంది, సీట్లు నిండుగా కనిపించాయి. "ఎక్కారన్నా" అన్నాను. లెక్కపెట్టలేదు.

బాపట్లలో టీకి ఆగినప్పుడు ఇద్దరు తక్కువయ్యారు. ఒకరికి నెలసరి వచ్చింది. ఒడ్డున ఆడవాళ్ళకు చాటన్నది లేదు. స్నేహితురాల్ని తోడు తీసుకుని సరుగుడు తోటల్లోకి చాలా దూరం పోయింది. మేం వెనక్కి వెళ్ళేసరికి చీకటి పడింది. చేపలు ఎండబెట్టుకునే ఒకామె ఇద్దర్నీ తన గుడిసె ముందు కూచోబెట్టుకుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

జరగాల్సిందంతా ఆ తర్వాతే జరిగింది. ఆదివారం ఆరాధనలో లీడరు దేవుడి కాపుదల గురించి సాక్ష్యం చెప్పాడు. ఆ సాయంత్రం కమిటీ నన్ను పిలిచింది. 'లెక్కపెట్టావా?' అని ఒక్కరూ అడగలేదు. "ఆ పిల్లలు ఎవరితో వెళ్ళారు?" అని అడిగారు. "నాకు తెలీదండీ" అన్నాను. నాకు తెలుసు. చెప్పాలంటే ఐదుగురు పెద్దమనుషుల ముందు నెలసరి అన్న మాట పలకాలి. పలికితే, మరి బస్సు ఎలా కదిలిందన్న ప్రశ్న నా దగ్గరికే వస్తుంది. సిగ్గూ భయమూ రెండూ ఒకే మౌనంలో ఇమిడిపోయాయి.

మరుసటి ఏడు నుంచి ట్రిప్పు అబ్బాయిలకే అని తీర్మానించారు. ఆ ఇద్దరిలో ఒకరికి బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదవాలని కోరిక. ఆ ఊరి పేరెత్తితేనే వాళ్ళ నాన్న మండిపడేవాడు. ఇంటి పక్క కాలేజీలో, తను కోరుకోని చదువులో చేర్చారు.

ప్రమాదాలు పాఠాలు నేర్పుతాయంటారు. నిజానికి ప్రమాదం ఏ పాఠమూ చెప్పదు. దాని తర్వాత మాట్లాడే అధికారం ఎవరికుందో వాళ్ళు చెప్పిందే పాఠమవుతుంది. బైబిల్లోనే చూడండి. పన్నెండేళ్ళ యేసు పస్కా పండగకి వెళ్ళి యెరూషలేములో ఉండిపోయాడు. తల్లిదండ్రులు గుంపులోనే ఉన్నాడనుకుని ఒక రోజు ప్రయాణం సాగిపోయారు. వాళ్ళూ లెక్కపెట్టలేదు. మూడు రోజులకు దేవాలయంలో దొరికాడు. ఆ కథని మేం పిల్లవాడి జ్ఞానానికి గుర్తుగా చదువుకున్నాం. ఆదికాండం 34వ అధ్యాయంలో దీనా ఆ దేశపు స్త్రీలను చూద్దామని బయటికి వెళ్ళింది. అత్యాచారానికి గురైంది. అధ్యాయంలో 31 వచనాలున్నాయి, ఆమె నోట ఒక్క మాటా లేదు. ఆ కథ మాకు ఆడపిల్ల గడప దాటకూడదన్న హెచ్చరికగా చేరింది. తప్పిపోయిన కొడుకు జ్ఞానం వెతుక్కున్నట్టు. తప్పిపోయిన కూతురు చెడిపోయినట్టు.

అయితే పితృస్వామ్యం మీదికి ఇదంతా నెట్టేసి నేను తప్పుకోలేను. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 'నైతిక అదృష్టం' గురించి చర్చించారు. ఇద్దరు డ్రైవర్లు ఒకేలా అజాగ్రత్తగా ఉంటారు. ఒకడి బండికి పిల్లవాడు అడ్డం వస్తాడు, ఇంకొకడికి రాడు. తప్పు ఒకటే, నింద ఒకటి కాదు. నేను ఆ రెండో డ్రైవర్నని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఆ చేపలామె అక్కడ ఉండటం నా అదృష్టమే. కానీ లెక్కపెట్టకపోవడం పొరపాటు, 'తెలీదండీ' అనడం పొరపాటు కాదు. అందులో అదృష్టానికి చోటు లేదు. ఒక చదువు అక్కడ ఆగిపోయింది.

ప్రభువు భోజనం ముందు అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. అందరం పాపులమే అన్నప్పుడు ఎవరికీ బరువుండదు. 'ఆ సాయంత్రం, ఆ గదిలో, ఆ ప్రశ్నకి నేను అబద్ధం చెప్పాను' అనడానికి నాకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. అదీ ఆమె వంటింట్లో, ఆమె కందిపప్పు ఏరుకుంటుంటే చెప్పాను.

"నువ్వు లెక్కపెట్టలేదని ఆ రాత్రే తెలుసే. కమిటీలో చెబుతావని చూశాను" అంది.

క్షమించమన్నాను. చేట పక్కన పెట్టింది. "నేను క్షమిస్తే నీకు తేలికవుతుంది. మా నాన్న పోయేదాకా నేనెవరితోనో వెళ్ళాననే అనుకున్నాడు. దానికేం చేద్దాం?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కిందటేడు ఆ చర్చి యూత్ కూడికలో నాకు మాట్లాడే అవకాశమిచ్చారు. నెలసరి అన్న మాటతో సహా మొత్తం చెప్పాను. ఆమె రాలేదు. నేను రమ్మని అడగలేదు కూడా. ఆ మాట అక్కడ పలకడం ఆమెకు నేను బాకీపడ్డది. దానితో బాకీ తీరిందని మాత్రం అనుకోవడం లేదు.