ఒడ్డుకు దగ్గరైన ఓడ



2020 జూలై 25న వకాషియో అను పెద్ద సరకుల ఓడ, హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపమునొద్ద పగడపు దిబ్బమీద చిక్కుకొనెను. ఓడలో సరకు లేదు గాని, యంత్రములకు కావలసిన నూనె సుమారు 4,000 టన్నులుండెను. ఆగస్టు 6న అది కారసాగి, సుమారు 1,000 టన్నులు సముద్రము పాలాయెను. చేపలు పట్టి బ్రదుకు బీదల నీళ్లును, మడ అడవులును నల్లబడెను.

తుపాను ఆ ఓడను అక్కడికి తేలేదు. తీరమునకు 22 నాటికల్ మైళ్ల దూరమున పోవలసిన దానిని, సెల్‌ఫోనుకు సిగ్నలు దొరుకునని దగ్గరకు త్రిప్పిరని దర్యాప్తులో తేలెను. ఆ తీరమును చక్కగా చూపు పటమును వారియొద్ద లేదు.

ఇంటివారి మాట వినగోరుట పాపమా? కానేకాదు. నెలల తరబడి నీళ్లమీద నుండువానికి బిడ్డ గొంతు వినవలెనను ఆశ సహజమే. అయితే ఒకడు తన చేను ఎండుచున్నదని రాత్రివేళ చెరువు తూము ఎత్తివేసెననుకొనుడి. అతని పిల్లల ఆకలి నిజమే. దిగువ పొలములవారి నష్టమును నిజమే. దోషము కోరికలో లేదు. దాని వెల ఎవరు చెల్లింతురని అడుగకపోవుటలో నున్నది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదువుడి. పౌలు హెచ్చరించినను, మరింత సౌకర్యమైన రేవు కావలెనని బయలుదేరిరి. కడకు ఓడ నేల తగిలి బ్రద్దలాయెను. తడిసి వణకుచు వచ్చిన ఆ పరదేశులకు మెలితే ద్వీపవాసులు నిప్పు రాజబెట్టిరి. తప్పు ఎవరిదని అడుగలేదు.

మారిషస్‌లోను అట్లే జరిగెను. వేలాది జనులు ఎండిన చెరకు ఆకులను గుడ్డలలో కుక్కి, కుట్టి, నూనెకు అడ్డుగా నీళ్లమీద పరచిరి. 19వ శతాబ్దములో మన తీరమునుండి చెరకు తోటల కూలికి పోయినవారి సంతతియగు తెలుగువారును ఆ ద్వీపమున నున్నారు. 2021 డిసెంబరులో ఓడ కెప్టెనుకును, అతని ముఖ్య సహాయకునికిని 20 నెలల శిక్ష పడెను. అది న్యాయమే. అయినను శిక్ష నూనెను కడుగదు గదా! కడిగినది తప్పు చేయనివారి చేతులే.

కావున కోరిక కలిగినప్పుడు, దిగువ నున్నవారిని తలంచుకొందము. పరుని తప్పువలన ఊరికి కీడు వచ్చినప్పుడు, తీర్పు కొరకు కాచుకొనక ముందుగా చేయి వేయుదము.