తప్పు ఎవరిదని అడగకముందు



ఎదిగిన కొడుకు ఒకనాటి రాత్రి తల్లి దగ్గర కూర్చుండి, తన మనసు చిన్ననాటి నుండీ ఆడపిల్లల వైపు గాక మగవారి వైపే పోతున్నదని చెప్పాడనుకోండి. “నా పెంపకంలో ఏ లోపం జరిగింది?” అని తల్లి కుమిలిపోతుంది. “చెడు సావాసం” అంటాడు తండ్రి. ఇద్దరూ వెదకేది ఒక్కటే: తప్పు ఎవరిది?

శాస్త్రజ్ఞులు ఏమంటున్నారో చూద్దాం. 1991లో అమెరికాలో బెయిలీ, పిల్లార్డ్ అనే పరిశోధకులు స్వలింగ ఆకర్షణ గల పురుషుల సోదరులను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన కవలలలో 52 శాతం మందికి, వేరువేరు అండాల నుండి పుట్టిన కవలలలో 22 శాతం మందికి అదే ఆకర్షణ కనిపించింది. తరువాతి పరిశోధనలలో ఈ అంకెలు తగ్గాయి. 2019లో దాదాపు 5 లక్షల మంది జన్యువులను పరిశీలించగా, దీనికంతటికీ మూలమైన జన్యువు ఒక్కటంటూ లేదనీ, అనేక జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపుతాయనీ తేలింది.

కాబట్టి జీవశాస్త్రానికి ఇందులో పాత్ర ఉన్నది, కాని అంతా అదే కాదు. కవలలలో ఒకరిది కుడిచేతి వాటం, మరొకరిది ఎడమచేతి వాటం కావడం మనం చూస్తుంటాము. దానిని ఎవరు నేర్పారు? ఎవరు కోరుకున్నారు? తల్లిదండ్రుల పెంపకమే ఈ ఆకర్షణకు కారణమనే పాత వాదానికి ఆధారం దొరకలేదు.

“పుట్టుకతో వచ్చినదైతే ఏమి చేసినా సమ్మతమేనా?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జన్యువులు నీతిని నిర్ణయించవు. దాంపత్యం గురించి, నిర్మలత్వం గురించి శ్రీసభ బోధ మారలేదు. అయితే 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, ఈ ఆకర్షణ మూలం చాలవరకు తెలియదని ఒప్పుకుంటూనే, ఇట్టివారిని గౌరవంతో, కనికరంతో స్వీకరించాలనీ, అన్యాయమైన వివక్ష చూపరాదనీ చెబుతున్నది. శాస్త్రం తీర్పు చెప్పేదాకా ఆగమనలేదు.

పుట్టుగుడ్డిని చూసి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే త్రోసివేశారు. ఈ ఆకర్షణ గుడ్డితనం వంటిదని నా భావం కాదు. మన ప్రశ్న మాత్రం ఆ శిష్యుల ప్రశ్న వంటిదే.

ఇట్టి బిడ్డ మీ ఇంట ఉంటే, పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని తొందరపడకండి. అందులో నష్టపోయేది మరో ఇంటి ఆడబిడ్డ కూడా. మందులిచ్చి మార్చేస్తామనే వారిని నమ్మకండి. ఇది వ్యాధి కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో స్పష్టం చేసింది.

ఆ ఒక్క మాట చెప్పడానికి మీ బిడ్డ ఎన్నేండ్లు భయపడి ఉంటాడో ఆలోచించండి. కారణం వెదకడం శాస్త్రజ్ఞుల పని. ఆ రాత్రి అన్నం పెట్టి దగ్గర కూర్చుండడం మీ పని. తిరుకుటుంబం మన కుటుంబాలకు తోడుగా ఉండును గాక!